ఉద్దానం వేసవి: ఏ చోటికి ఏ వేళ

ఏప్రిల్ చివర బడులు మూతపడగానే పలాసలో, కాశీబుగ్గలో, టెక్కలిలో ప్రతి ఇంట్లోనూ ఒకటే ప్రశ్న. పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్దాం? కొందరు విశాఖ రైలెక్కుతారు. కొందరు అరకు వెళ్తారు. వెళ్ళలేని ఇళ్ళలో పిల్లలు ఫ్యాను కింద, ఫోను ముందు సెలవులన్నీ గడిపేస్తారు. బయటికి పంపితే వడదెబ్బ తగులుతుందేమోనని పెద్దల భయం. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ ఒక్క మాట ఆలోచించండి. పలాస చుట్టుపక్కల ఉన్న ఈ ఉద్దానం ప్రాంతంలో చేతిపని చేసుకునేవాళ్ళు ఎవరైనా వేసవంతా ఇంట్లో కూర్చున్నారా? జాలర్లు తీరంలోనే ఉంటారు. జీడిపిక్కలు ఏరే ఆడవాళ్ళు తోటల్లోనే ఉంటారు. నౌపడ ఉప్పు మళ్ళకు అసలు పని ఉండేదే ఎండాకాలంలో. వాళ్ళందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. ఇక్కడ ప్రతి చోటుకూ దాని వేళ ఉంది. సముద్రానికి మంచి వేళ తోటకు పనికిరాదు. తోటకు మంచి వేళ ఉప్పు మళ్ళకు పనికిరాదు. ఆ వేళ తెలుసుకుని వెళ్తే, ఊరు దాటకుండానే పిల్లలకు గొప్ప వేసవి దొరుకుతుంది. ఈ పూట ఆ వేళల గురించే మీతో మాట్లాడతాను.

ముందు అక్కుపల్లి. వజ్రపుకొత్తూరు మండలంలోని ఈ ఊరి తీరాన్ని శివసాగర్ బీచ్ అంటారు. పలాస నుంచి ఆటోలో గంటలోపే చేరిపోవచ్చు. చాలామంది అక్కడికి కారేజీలు కట్టుకుని మధ్యాహ్నానికి చేరుకుంటారు. కాళ్ళ కింద ఇసుక కాలిపోతుంటే చెప్పులు చేత పట్టుకుని నీళ్ళలోకి పరుగెత్తుతారు. కార్తీకమాసపు వనభోజనాలకు ఆ వేళ బాగుంటుంది గానీ మే నెలకు బాగుండదు. మే నడుమ అక్కుపల్లిలో ఐదుంపావు దాటగానే సూర్యుడు సముద్రం మీదికి వచ్చేస్తాడు. మనం రాష్ట్రానికి ఈశాన్య మూలన ఉన్నాం. అనంతపురంలో తెల్లవారడానికి అరగంటకు పైగా ముందే మనకు తెల్లవారిపోతుంది. గడియారం మాత్రం అందరికీ ఒకటే. కాబట్టి మన ఏడు గంటల ఎండ, అక్కడి ఏడున్నర ఎండతో సమానం. ఏడింటికి తీరం చేరితే అప్పటికే ఆలస్యమైనట్టు. నాలుగున్నరకు ఇల్లు కదలాలి, ఎనిమిదికల్లా తిరుగు ప్రయాణంలో ఉండాలి.

అంత పొద్దున్నే వెళ్ళి ఏం చేస్తాం అంటారా? నీళ్ళలో దిగకుండానే అక్కడ చేయదగినవి ఎన్నో ఉన్నాయి. చీకటి విడీవిడకుండా ఇసుక మీద నడిస్తే ముందు కనిపించేవి పీతల జాడలు. రాత్రంతా తిరిగిన ఇసుక పీతలు తెల్లారగట్ల కన్నాల దగ్గరికి చేరతాయి. కన్నం చుట్టూ చిన్న చిన్న ఇసుక ఉండలు ఒక వరసలో పేర్చినట్టు ఉంటాయి. కొన్ని జాతుల చిన్న పీతలు ఇసుకను నోట పెట్టుకుని, అందులోని ఆహారం తీసుకుని, మిగిలిన ఇసుకను ఉండ చేసి వదిలేస్తాయి. వాటిని చూసి ఎవరో ముగ్గు వేశారని పిల్లలు అనుకుంటారు. ఆ ముగ్గు వేసిన పీత బయటికి రావాలంటే మాత్రం కదలకుండా కూర్చోవాలి. కదలకుండా కూర్చోవడం నేర్పడానికి అంతకన్నా మంచి బడి నాకు తెలియదు.

ఆ తర్వాత ఇసుకను చూపించండి. మన జిల్లా తీరమంతా అక్కడక్కడా ఇసుకలో నల్లటి చారలు, లేత ఎరుపు చారలు కనిపిస్తాయి. నల్లటివి ఇల్మనైట్, మాగ్నటైట్ వంటి బరువైన ఖనిజాలు. ఎర్రటివి గార్నెట్ రేణువులు. తూర్పు కనుమల రాళ్ళు వేల వేల ఏళ్ళుగా అరిగి, నదుల వెంట సముద్రానికి చేరి, అల వచ్చి తేలిక ఇసుకను లాక్కుపోగా బరువు రేణువులు ఒడ్డున మిగిలాయి. బడిలో వాడే అయస్కాంతాన్ని ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఆ నల్ల చారల మీద తిప్పితే కొన్ని రేణువులు ఎగిరి అతుక్కుంటాయి. అయస్కాంతాన్ని సంచిలోంచి తీసేస్తే రాలిపోతాయి. ఏడో తరగతి పిల్లవాడికి భూగోళమూ భౌతికమూ ఆ ఒడ్డునే, పుస్తకం లేకుండా తెలుస్తాయి.

వేసవిలో ఇంకో విశేషం ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరమంతా మోటారు పడవల వేటకు నిషేధం. చేపలు గుడ్లు పెట్టి పెరిగే కాలమని ప్రభుత్వం పెట్టిన నియమం అది. ఆ రోజుల్లో పడవలన్నీ ఒడ్డు మీదే ఉంటాయి. జాలర్లు పడవ నీడన కూర్చుని వలలు బాగుచేసుకుంటారు, పడవలకు రంగులు వేసుకుంటారు. మామూలు రోజుల్లో వాళ్ళతో మాట్లాడటానికి వాళ్ళకు తీరిక ఉండదు. ఈ రెండు నెలల్లో ఉంటుంది. కవళ్ళకు ఏ కన్ను వల, కానాగంతలకు ఏ కన్ను వల, నీళ్ళ రంగు చూసి మంద ఎక్కడుందో ఎలా కనిపెడతారు, ఇలాంటివి అడిగితే ఓపికగా చెబుతారు. ఒక్క మనవి. వాళ్ళకు అది ఆదాయం లేని కాలం. ప్రభుత్వ సాయం అందుతుంది గానీ, రెండు నెలల సంసారం దానితో గడవడం కష్టం. ఫొటో తీసుకుని వచ్చేయకుండా, అక్కడ అమ్మే ఎండుచేపలో, కొబ్బరి బొండాలో కొని రండి.

ఇక నీళ్ళ సంగతి. అక్కుపల్లి వైపు సముద్రం చూడటానికి ఎంత అందంగా ఉంటుందో దిగడానికి అంత మోసంగా ఉంటుంది. ఒడ్డు నుంచి కొద్ది అడుగుల్లోనే లోతు వచ్చేస్తుంది. అలలు తెచ్చిన నీరంతా వెనక్కి పోవడానికి ఎక్కడో ఒకచోట దారి చేసుకుంటుంది. ఆ దారిలో అలలు విరగవు, నీళ్ళు నున్నగా, ప్రశాంతంగా కనిపిస్తాయి. కొత్తవాళ్ళు అదే మంచి చోటనుకుని అక్కడే దిగుతారు. అలాంటప్పుడు మన తీరంలో పెద్ద వయసు జాలరి ఎవరైనా కేక వేసి చెప్పే మాట ఇది: “బావూ, అటు దిగకండి. పైకి సదునుగానే ఉంటాది గానీ కిందన లాగేస్తాది.” ఆ మాట ప్రాణాలు కాపాడే మాట. ఎవరైనా ఆ లాగుడులో చిక్కుకుంటే నేరుగా ఒడ్డు వైపు ఈదడానికి బలమంతా ఖర్చు చేయకూడదు. ఎంత ఈతగాడైనా అందులో అలసిపోతాడు. ఒడ్డుకు సమాంతరంగా, పక్కకు ఈదాలి. ఆ పాయ వెడల్పు కొద్దిదే, దాటగానే అలలే ఒడ్డుకు తోస్తాయి. ఈత రానివాళ్ళు మోకాలి లోతు దాటకూడదు. పిల్లలతో నీళ్ళ దగ్గరున్న పెద్దవాళ్ళ చేతిలో ఫోను ఉండకూడదు. గాలీవానా లేకపోయినా కొన్ని రోజులు పెద్ద అలలు వస్తాయి. ఎక్కడో హిందూ మహాసముద్రం దక్షిణ కొసన లేచిన అలలు రోజుల తరబడి ప్రయాణించి ఇక్కడికి చేరతాయి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ వాటి గురించి ముందే హెచ్చరిక ఇస్తుంది. ఆ హెచ్చరిక ఉన్న రోజు ప్రయాణం మానుకోండి.

ఇదే తీరంలో వేసవి మొదట్లో దొరికే అరుదైన భాగ్యం ఇంకొకటి ఉంది. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు చలికాలం చివర రాత్రిపూట ఒడ్డుకొచ్చి, ఇసుకలో గొయ్యి తవ్వి, సుమారు వంద గుడ్లు పెట్టి, కప్పెట్టి వెళ్ళిపోతాయి. సోంపేట మండలం బారువ దగ్గర, ఇంకా మన తీరంలో కొన్నిచోట్ల, అటవీశాఖ వాళ్ళూ జాలరి యువకులూ ఆ గుడ్లను నక్కలకూ కుక్కలకూ దొరక్కుండా కంచె వేసిన ఇసుకలోకి మార్చి కాపాడతారు. నెలన్నర నుంచి రెండు నెలల్లో పిల్లలు బయటికొస్తాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున వాటిని సముద్రంలోకి వదులుతారు. అరచేతిలో పట్టే పిల్ల, తల్లి తోడు లేకుండా, ఎవరూ దారి చూపకుండా నీళ్ళవైపే పాకుతుంది. చీకట్లో సముద్రం మీద ఉండే మసక వెలుగే దానికి దారి. అందుకే అక్కడికి వెళ్ళినవాళ్ళు టార్చిలైట్లు వేయకూడదు. బండి హెడ్‌లైటు వెలుగుతుంటే పిల్ల తాబేలు అటువైపు తిరిగి రోడ్డెక్కుతుంది. ఇసుక వేడిని బట్టి పుట్టేది ఆడదా మగదా అన్నది తేలుతుంది. వేడి ఎక్కువైతే ఆడవే ఎక్కువ పుడతాయి. పెరుగుతున్న ఎండలు మనల్ని మాత్రమే తాకడం లేదని పిల్లలకు చెప్పడానికి అంతకన్నా తగిన చోటు లేదు.

ఎనిమిదికల్లా తీరం వదిలిపెట్టాలన్నాను కదా. ఎందుకో చెబుతాను. పొద్దెక్కేకొద్దీ నేల సముద్రం కన్నా తొందరగా వేడెక్కుతుంది. నేల మీది గాలి పైకి లేస్తుంటే ఆ చోటు నింపడానికి సముద్రపు గాలి వస్తుంది. అది రావడానికి కొంచెం సమయం పడుతుంది. ఆ గాలి వచ్చేలోపు, తొమ్మిదికీ పదకొండుకీ మధ్య, తీరంలో గాలి ఆడదు, ఉక్క విపరీతంగా ఉంటుంది. చెమట పడుతుంది గానీ ఆరదు. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. మనలాంటి తేమ ప్రాంతాల్లో ఎండ డిగ్రీలు తక్కువగా కనిపించినా ప్రమాదం తక్కువ కాకపోవడానికి కారణం అదే. మైదానాల్లో 40 డిగ్రీలు దాటితేనే వడగాలి లెక్కలోకి తీసుకునే వాతావరణశాఖ, తీరప్రాంతానికి 37 డిగ్రీల నుంచే లెక్క కట్టేదీ అందుకే. ఇక కొన్ని రోజులు పడమటి గాలి గట్టిగా వీచి సముద్రపు గాలిని లోపలికి రానివ్వదు. అలాంటి రోజు పొద్దున్నే ఆకు కదిలే తీరు చూసి మన పెద్దవాళ్ళు చెప్పేస్తారు. ఆ రోజు ఎక్కడికీ వెళ్ళొద్దు. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మండలాలవారీగా ఇచ్చే వడగాలి సమాచారం ముందురోజు సాయంత్రమే చూసుకోవడం మంచిది.

మధ్యాహ్నపు ఎండలో బయటికి రావలసిన పని పిల్లలకు వేసవి మొత్తం మీద ఒక్కటే ఉంది. అదీ రెండు నిమిషాల పని. మే నెల 14, 15 తేదీల్లో సూర్యుడు సరిగ్గా మన నడినెత్తి మీదికి వస్తాడు. ఉదయం 11 గంటల 48 నిమిషాల ప్రాంతంలో నిలువుగా నిలబెట్టిన కర్రకు నీడ ఉండదు. కర్ర కిందే దాక్కుంటుంది. హైదరాబాదులో అది మరో తేదీన, మరో వేళకు జరుగుతుంది. ఢిల్లీలో ఎప్పటికీ జరగదు, ఎందుకంటే ఆ ఊరు కర్కటరేఖకు ఉత్తరాన ఉంది. మబ్బు పడితే బెంగ లేదు, జులై చివర 28 ప్రాంతంలో మరోసారి అవకాశం వస్తుంది. పెరట్లో ఒక సీసా నిలబెట్టి చూపించండి. చూసిన వెంటనే నీడకు తీసుకెళ్ళండి.

నీడ అంటే మన దగ్గర తోట. పొద్దెక్కాక, తొమ్మిది నుంచి నాలుగు వరకు ఉద్దానంలో ఉండదగిన చోటు అదే. కొబ్బరి ఎత్తున, దాని కింద పనస, మామిడి, ఇంకా కింద అరటి, నేల మీద అనాస, పసుపు, కంద. ఒకదాని నీడలో ఇంకోటి పెరిగే తోటలు ఇవి. ఎండ నేలకు చేరేసరికి వడకట్టినట్టు చుక్కలు చుక్కలుగా పడుతుంది. పట్నంలో ఉన్న మేనమామలూ పిన్నులూ వేసవికి పిల్లల్ని తీసుకుని ఊరికొచ్చేది ఈ తోటల కోసమే. చెట్టుకు ఊయల కట్టడం, కర్రా బిళ్ళ ఆడటం, కోతికొమ్మచ్చి ఆడటం, మధ్యాహ్నం మంచం వాల్చుకుని కథలు చెప్పుకోవడం. వీటికి టిక్కెట్టు లేదు. తోటలు లేని పలాస పిల్లలకు ఆ భాగ్యం కల్పించడానికి తోటలున్న చుట్టాలు ఒక్క వారం పిలిస్తే చాలు.

మార్చి నుంచి మే దాకా జీడి కాలం. ఎరుపు, పసుపు పండ్లు చెట్టు నిండా వేలాడుతుంటాయి. పండు కింద పిక్క. నిజానికి మనం పండు అనేది కాయను మోసే తొడిమ ఉబ్బినది, పిక్కే అసలు కాయ. బ్రెజిల్ నుంచి పోర్చుగీసువాళ్ళు పదహారో శతాబ్దంలో మన దేశానికి తెచ్చిన చెట్టు ఇది. ఇప్పుడు పలాస పేరు చెబితే దేశమంతా గుర్తుకొచ్చేది జీడిపప్పే. జీడిపండు దూరం ప్రయాణించలేదు. చెట్టు నుంచి రాలిన రోజే తినాలి, మర్నాటికి పులిసిపోతుంది. అందుకే ఏ పెద్ద పట్నపు దుకాణంలోనూ దొరకదు. నారింజలో కన్నా విటమిన్ సి ఎంతో ఎక్కువ ఉన్న పండు, ఏటా టన్నులకొద్దీ చెట్ల కిందే కుళ్ళిపోతోంది. నాకు ఏటా బాధ కలిగించే సంగతి అది. ముక్కలు కోసి ఉప్పు రాసి తింటే గొంతు గరగర తగ్గుతుంది. పిల్లలు పండు తినొచ్చు, పచ్చి పిక్కను మాత్రం కొరకకూడదు, చేత్తో చిదపకూడదు. దాని పెంకులోని నూనె తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. రైతులు 80 కిలోల బస్తా లెక్కన అమ్ముకునే పంట అది. తోటలో సరదాగా ఏరిన పిక్కల్ని తోట యజమాని బుట్టలోనే వేసి రావాలి.

పనస సంగతి చెప్పాలంటే ఇంకో ప్రసంగం కావాలి. లేత కాయ ఆవపెట్టిన పొట్టుకూర, పండిన కాయ తొనలు, నిప్పుల్లో కాల్చిన పిక్కలు. కాయ కోసేముందు చేతికీ కత్తికీ నూనె రాసుకోవడం, వేలితో తట్టి చప్పుడు బట్టి పండిందో లేదో చెప్పడం, ఇవి ఒక్కసారి దగ్గరుండి చూపిస్తే పిల్లలు మర్చిపోరు.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరిగా చెప్పాలి. ఈ పండ్ల వాసన మనకే కాదు, ఎలుగుబంట్లకూ ఇష్టం. మందస, వజ్రపుకొత్తూరు మండలాల కొండల నుంచి, జీడితోటల నుంచి అవి ఊళ్ళ అంచుకు వస్తుంటాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర ఎలుగుబంటి దాడిలో ఒక మనిషి చనిపోయారు, మరికొందరు గాయపడ్డారు. ఎలుగు తిరిగేది ముఖ్యంగా రాత్రి, తెల్లవారుజాము, పొద్దువాలే వేళల్లో. సముద్రానికి మంచిదని నేను చెప్పిన వేళే తోటకు ప్రమాదమైన వేళ. కాబట్టి తెల్లారగట్ల జీడితోటల అడ్డదారిన నడవకండి, రోడ్డునే వెళ్ళండి. తోటలోకి పొద్దెక్కాక, నలుగురూ కలిసి, మాట్లాడుకుంటూ వెళ్ళండి. మనుషుల అలికిడి వింటే ఎలుగు చాలావరకు తప్పుకుంటుంది. హఠాత్తుగా ఎదురుపడితే మీద పడుతుంది. పిల్లలతో ఉన్న ఎలుగు కనిపిస్తే ఫొటో కోసం ఒక్క అడుగు కూడా ముందుకు వేయకండి.

ఈ నీడ ఎప్పుడూ ఇలాగే ఉందనుకోకండి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను సరిగ్గా మన పలాస, వజ్రపుకొత్తూరు తీరం మీదే ఒడ్డెక్కింది. లక్షల కొబ్బరిచెట్లు ఒక్క పూటలో నేలకొరిగాయి. ముప్ఫై నలభై ఏళ్ళ జీడి, పనస చెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి. మర్నాడు తమ తోట ఏదో తమకే గుర్తు తెలియక జనం నిలబడిపోయారు. ఆ వచ్చిన వేసవిలో ఉద్దానానికి నీడ లేదు. తర్వాత నాటిన కొబ్బరి మొక్కలు కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పట్టింది. పనస పాత ఎత్తుకు రావడానికి ఇంకా చాలా ఏళ్ళు కావాలి. అందుకని వేసవికి తోటకు వెళ్ళిన పిల్లలతో తినేసిన పనసపిక్క ఒకటి నాటించండి. వానలు పడే వేళకు మొలక లేస్తుంది. తీరం పక్కన సరుగుడు తోటలు, ఇసుక మీద పాకే ఊదాపూల తీగలు కూడా కాళ్ళతో తొక్కి పాడుచేయకుండా చూడండి. గాలికీ అలకీ ముందు ఎదురు నిలిచేవి అవే.

నీళ్ళ గురించి. ఉద్దానంలో నీళ్ళ గురించి మాట్లాడేటప్పుడు ఎవరి గొంతైనా మారుతుంది. దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు ఇక్కడి ఇళ్ళను తినేస్తోంది. కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి తాగునీటి పథకమూ వచ్చింది. మధ్య అమెరికాలోని నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశాల్లో చెరకు నరికే కూలీలకు ఇలాంటి జబ్బే వచ్చింది. ఎండలో విరామం లేకుండా పనిచేయడం, ఒంట్లో నీరు తగ్గిపోవడం అందులో పెద్ద కారణమని అక్కడి పరిశోధకులు గుర్తించారు. పని మధ్యలో నీళ్ళు, నీడ, విశ్రాంతి కచ్చితంగా ఇచ్చే పద్ధతి పెట్టాక నష్టం తగ్గిందని చూశారు. మన జబ్బు అదే అని నేను అనడం లేదు. ఆ మూడూ మనకు మేలే గానీ కీడు చేయవు. ఆటకైనా పనికైనా బయటికెళ్ళేటప్పుడు ఇంటి నుంచే మంచినీళ్ళు పట్టుకెళ్ళండి. దాహం వేసేదాకా ఆగకండి. చోడి అంబలి, తరవాణి, పల్చటి మజ్జిగ, కొబ్బరినీళ్ళు, తాటిముంజలు, ఇవి మన ఎండకు మన పెద్దలు కనిపెట్టిన ఆహారం. రంగు సీసాల్లోని తీపి పానీయాలు దాహం తీర్చవు. ఎండలో తిరిగొచ్చి తలనొప్పిగా ఉందని దుకాణంలో నొప్పి మాత్ర కొని మింగకండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ మాత్రలు కిడ్నీకి మరింత చేటు. ఇప్పటికే కిడ్నీ జబ్బున్నవాళ్ళు మాత్రం ఎన్ని నీళ్ళు తాగాలో, కొబ్బరినీళ్ళు తాగొచ్చో లేదో వైద్యుణ్ణి అడిగి తీరాలి. అందరికీ మంచిదైనది వాళ్ళకు మంచిది కాకపోవచ్చు.

టెక్కలి వైపు వెళ్దాం. ఆ వైపు వేసవి అంటే ఉప్పు. సంతబొమ్మాళి మండలం నౌపడ దగ్గర ఎంత దూరం చూసినా ఉప్పు మళ్ళే. సముద్రపు నీటిని ఒక మడి నుంచి మరో మడికి మారుస్తూ, ఎండతోనూ గాలితోనూ చిక్కబరుస్తూ, చివరి మళ్ళలో గళ్ళు కట్టేదాకా నిలబెడతారు. ఒక్క పెద్ద వాన పడితే వారాల శ్రమ కరిగిపోతుంది. ఉప్పు పనివాళ్ళు చీకటితోనే మళ్ళలో దిగి, ఎండ ముదిరేలోపు గట్టెక్కుతారు. మీరూ ఆ వేళకే, లేదా ఐదు దాటాక వెళ్ళండి. తెల్లటి కుప్పల మీద ఎండ పడి కళ్ళు బైర్లు కమ్ముతాయి, టోపీ తప్పదు. గట్ల మీద నడిచే ముందు పనివాళ్ళను అడగాలి. చెప్పు కాలుతో మడిలో అడుగు పెడితే ఆ ఉప్పు మురికవుతుంది. తెల్లటి ఆ గళ్ళను చేతిలోకి తీసుకుని, అవి ఏ పాదాల పగుళ్ళలోంచి వచ్చాయో పిల్లలు చూడాలని నా కోరిక.

అక్కడికి దగ్గరే తేలినీలాపురం. గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ అక్కడి చెట్ల మీద గూళ్ళు కట్టుకుని, నౌపడ చిత్తడి నేలల్లో చేపలు పట్టి పిల్లల్ని పెంచుకుంటాయి. అలవాటు కొద్దీ సైబీరియా పక్షులు అంటాం గానీ ఈ రెండూ దక్షిణాసియా పక్షులే. వాటి కాలం చలికాలం. ఏప్రిల్ వచ్చేసరికి ఎగరడం నేర్చిన పిల్లలతో వెళ్ళిపోతాయి. కాబట్టి సెలవులు మొదలయ్యాక వెళ్తే ఖాళీ గూళ్ళే కనిపిస్తాయి. మార్చిలో ఒక ఆదివారం దానికి కేటాయించాలి. జూన్ వానలకు ఇచ్ఛాపురం మండలం తేలుకుంచిలో చిల్లుముక్కు కొంగలు దిగుతాయి, బడులు తెరిచాక అక్కడికి వెళ్ళొచ్చు. టెక్కలి దగ్గరి రావివలసలో ఎండల మల్లికార్జునుడున్నాడు. గర్భగుడికి కప్పు లేదు, స్వామి ఎండావానల్లోనే ఉంటాడు. నల్లరాతి బండలు మధ్యాహ్నం కాలతాయి. సూర్యోదయానికి వెళ్తే చల్లగా దర్శనమవుతుంది.

ఇక సాయంత్రం. మందస వైపు వెళ్తే వాయవ్యాన మహేంద్రగిరి కనిపిస్తుంది. 1,501 మీటర్ల ఎత్తు, ఒడిశా గజపతి జిల్లాలో ఉంది. 2022లో ఒడిశా ప్రభుత్వం ఆ ప్రాంతాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించింది. వేసవిలో పైకెక్కడం నేను చెప్పను, దానికి చలికాలం ఉంది. మందసలో వాసుదేవ పెరుమాళ్ళ గుడి చూసుకుని, కోవా తిని, కొండ మీద మబ్బు పట్టడం చూస్తూ కూర్చుంటే చాలు. మే సాయంత్రాల్లో ఆ కొండ మీదే ముందు ఉరుములు మొదలవుతాయి. ఉరుము వినపడగానే చెట్టు కిందనుంచి లేచి ఇంట్లోకో, కారులోకో వెళ్ళిపోవాలి. మన జిల్లాలో వేసవి పిడుగులు ఏటా ప్రాణాలు తీస్తున్నాయి. పొలంలో ఒంటరి తాటిచెట్టు కింద నిలబడటం అన్నిటికన్నా ప్రమాదం.

ఆదివారం సాయంత్రం అక్కుపల్లి తీరంలో జనం బాగా ఉంటారు. అప్పటికి సముద్రపు గాలి నిలకడగా వీస్తుంది, ఇసుక చల్లబడుతుంది, వాలీబాలు ఆడే కుర్రాళ్ళు వల కట్టుకుంటారు. అప్పుడే ప్రమాదాలూ ఎక్కువ. చీకటి పడుతుంటే నీళ్ళలో ఎవరున్నారో ఒడ్డుకు కనపడదు. వజ్రపుకొత్తూరు మండల అధికారులకూ, తీరం వెంట ఉన్న పంచాయతీలకూ ఈ ప్రసంగం ద్వారా ఒక విన్నపం చేస్తున్నాను. వేట నిషేధం ఉన్న ఆ రెండు నెలల్లోనే తీరానికి జనం ఎక్కువగా వస్తారు. ఆ రెండు నెలల్లోనే సముద్రాన్ని కొట్టిన పిండిగా తెలిసిన జాలరి యువకులు పని లేక ఉంటారు. వాళ్ళలో నలుగురికి ప్రాణరక్షణ శిక్షణ ఇప్పించండి, ఈలలు, తాళ్ళు, తేలే ట్యూబులు ఇవ్వండి, జీతం ఇచ్చి తీరంలో కాపలా పెట్టండి. ఎక్కడ దిగొచ్చో, ఎక్కడ దిగకూడదో రోజూ పొద్దున్నే వాళ్ళే చూసి జెండాలు పాతుతారు. దానితో పాటు ఒక మంచినీళ్ళ కుళాయి, ఆడవాళ్ళకు మరుగుదొడ్డి, పది వేపమొక్కలు. వచ్చే ఏప్రిల్ 15కల్లా ఇవి సిద్ధం చేయడం కష్టమైన పని కాదు.